నల్ల పులుసు

నరహరికి జాతకాల మీద నమ్మకం లేదు. అయినా రోజూ పొద్దున ఎనిమిదింటికి మంచం పక్కన పేపరు పరిచి, దాని మీద తన కడుపులోంచి దిగిన రెండు లీటర్ల నీళ్ల సంచి పెట్టి, ఆ సంచిలోంచి కనిపించే రాశిఫలాలు బిగ్గరగా చదివేవాడు.

“మిథునం. బంధువులతో విందు, దూర ప్రయాణం,” అని చదివి, “విందంట! ఉప్పు లేని పప్పు, పప్పు లేని చారు,” అని తనే నవ్వేవాడు.

ఆ చదువు వెనక అసలు సంగతి వేరే ఉంది. అతని మూత్రపిండాలు పనిచెయ్యడం మానేసి మూడేళ్లయింది. కడుపుకు అమర్చిన సన్నటి గొట్టంలోంచి రోజుకు నాలుగుసార్లు మందునీళ్లు లోపలికి పోసుకోవాలి, కొన్ని గంటలు ఉంచుకోవాలి, మళ్లీ ఖాళీ సంచిలోకి దింపెయ్యాలి. ఒంట్లో చేరిన విషం ఆ నీళ్లతో పోతుంది. దిగిన నీళ్లు తేటగా ఉంటే సంచి కింది పేపర్లో అక్షరాలు కనపడతాయి. కనపడలేదంటే కడుపులోకి క్రిమి చేరినట్టు, ఉన్నపళంగా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇది నర్సు నేర్పిన పరీక్ష. పదిహేనేళ్లు పిల్లలకు బొమ్మలు నేర్పిన డ్రాయింగ్ మాస్టారు కాబట్టి, దాన్నీ ఓ వేడుక చేసుకున్నాడు.

ఆ రోజు అక్షరాలు బాగానే కనపడ్డాయి. తేడా కొత్త సంచిలో వచ్చింది. భార్య స్వరూప చేతులు కడుక్కుని, ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకుని, నిండు సంచిని కొక్కేనికి తగిలించబోతే అడుగున వేళ్లకు తడి తగిలింది. గట్టిగా నొక్కి చూసింది. ఒక చుక్క ఊరి, కాసేపు ఆగి, నేల మీద పడింది.

“గోదాంల ఎక్కడన్న గీక్కపోయి ఉంటది. పక్కకు పెట్టి ఇంకోటి తియ్యి,” అన్నాడు నరహరి.

“కంపెనీకి ఫోన్ చెయ్యాలె,” అంది స్వరూప. ఇంతలో అత్తమ్మ అడుగుల చప్పుడు వినబడి, “మీరు కదలకండి, నేను తెస్తా,” అని మాట మార్చింది. గదిలో ఇద్దరే ఉంటే నువ్వు, అత్తగారు గడప దాటితే మీరు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే వరస. అత్తగారు రాజవ్వకు ఆ సంగతి మొదటి వారంలోనే తెలుసు, తెలియనట్టు అడుగులు కొంచెం గట్టిగా వేసుకుంటూ వచ్చేది.

రాజవ్వ వెనకాలే పక్కింటి బాలమణి చిన్న స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. “అవ్వా, ఇంత తోడు పెట్టు. మా పెరుగు రాత్రి తోడుకోలే.”

రాళ్లబస్తీలో సగం ఇళ్ల పెరుగు రాజవ్వ గిన్నెలోంచి పుట్టిందే. పిల్లి గిన్నె తన్నేసిన రోజు కూడా ఆమె ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదు. మూడిళ్ల అవతలికి వెళ్లి, తాను పోసిన తోడునే చెంచాడు అడిగి తెచ్చి ఇచ్చింది. పెరుగు తోడు అడిగినవాళ్లకు లేదని చెప్పడం ఆమె ఎరగదు.

*

స్వరూప ఉద్యోగం బోడగుట్ట ప్లాంటులో. ఒకప్పుడు అక్కడ నిజంగానే రాతిగుట్ట ఉండేదట. రాయి కొట్టుకెళ్లి పట్నంలో మేడలు కట్టారు. ఆ మేడల్లోంచి వచ్చిన చెత్త తెచ్చి, గుట్ట ఉన్నచోటే మళ్లీ గుట్ట పోశారు. ఊరు పెరిగిన కొద్దీ అదీ పెరిగింది. తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు అని గోడల మీద ముప్పయ్యేళ్లు రాశారు. జనం ఆ గోడల కిందే రెండూ కలిపి పోశారు.

ఏడేళ్ల కష్టం తర్వాత స్వరూప పెంచిన సూక్ష్మజీవికి ఆ తేడాలతో పని లేదు. లారీ వచ్చి ట్యాంకులో ఒంపితే కుళ్లిన టమాటా, కవరు, పసిపిల్లల డైపరు, విరిగిన బకెట్టు అన్నీ దానికి ఒకటే. తొమ్మిది రోజులు గుటగుటమని ఉడికినట్టు శబ్దం చేసి, పైన గ్యాసు, అడుగున నల్లమట్టి మిగిల్చేది. గ్యాసుతో ఊరి బస్సులు నడిచాయి, మట్టిని రైతులు ట్రాక్టర్లలో పట్టుకుపోయారు. కాగితాల మీద ఆ జీవికి పెద్ద పేరే ఉంది. నల్లగా, చిక్కగా, చింతపండు వాసన వేస్తుందని ప్లాంటు పనివాళ్లు మాత్రం దాన్ని ‘పులుసు’ అనేశారు. చివరికి ఆఫీసు ఫైళ్లలో కూడా పెన్సిలుతో అదే పేరు రాసుకోవడం మొదలైంది.

ఆ మధ్యాహ్నం వేరే నగరం నుంచి కమిషనర్లు చూడ్డానికి వచ్చారు. స్వరూప ఎప్పుడూ చూపించేదే చూపించింది. పొంగుతున్న పులుసును రెండు గాజు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో మాత్రం గులాబీరంగు మందు రెండు చుక్కలు వేసింది. పనివాళ్ల భాషలో దాని పేరు షర్బత్.

“మీ పులుసు బయటకు పోతే? అది మా ఇళ్లల్లో నీళ్ల ట్యాంకులు కూడా తినదా?” అని ఒక పెద్దమనిషి అడిగాడు.

“మీరు భోజనం చేసి రండి, సార్.”

వాళ్లు తిరిగి వచ్చేసరికి షర్బత్ వేసిన గ్లాసు ఇంకా గుటగుటమంటోంది. రెండోది చప్పబడి, అడుగున మడ్డి దిగింది.

“షర్బత్ లేకపోతే మూడు గంటలు కూడా బతకదు. అది మా ల్యాబులో తప్ప ఎక్కడా దొరకదు. తాళం మా దగ్గర ఉన్నట్టే,” అంది స్వరూప. అలాంటి మాటే పెద్ద కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ప్రభుత్వానికి ఇచ్చింది కూడా. ఆ సంతకం మీదే ప్లాంటు లేచింది.

*

ఆ వారంలో ఇంకో రెండు సంచులు కారాయి. ఫోన్ చేస్తే, గోదాములో చూసుకుంటామని కంపెనీవాళ్లు అన్నారు. నాలుగో సంచి పట్టుకున్నప్పుడు స్వరూప ముక్కుకు వాసన తగిలింది. చింతపండు వాసన. సంచిని గాజు సీసాలో పెట్టి ప్లాంటుకు తీసుకెళ్లింది.

సూక్ష్మదర్శిని కింద తన బిడ్డను తాను గుర్తుపట్టకపోవడం ఎక్కడుంటుంది? పులుసే. సంచి అడుగున సన్నటి పొరలా పట్టి హాయిగా పెరుగుతోంది. షర్బత్ చుక్క లేదు. ఉన్నదల్లా ప్లాస్టిక్కు, కాస్త తేమ.

స్వరూప మొదట తన ట్యాంకులను అనుమానించింది. ఏడు ట్యాంకుల మూతలూ, గొట్టాలూ, తన చెప్పుల అడుగులూ గీకి చూసింది. ప్లాంటులో ఉన్నది పాత పులుసే, షర్బత్ లేకపోతే చచ్చేదే. తర్వాత ఆ సంచి పులుసు ముందు రకరకాల ప్లాస్టిక్కు ముక్కలు పెట్టింది. బకెట్టు ముక్క, పైపు ముక్క, పాలకవరు, నరహరి సంచి ముక్క. తెల్లారి చూస్తే బకెట్టు అంచు కొంచెం మెత్తబడింది, పాలకవరుకు చిల్లులు పడ్డాయి. సంచి ముక్క మాత్రం లేనే లేదు.

ఇది దానంతట అది వచ్చిన గుణం కాదు. ఎవరో దీనికి షర్బత్ మాన్పించారు. ఎవరో దీనికి రోజూ ఈ సంచులే మేపి, ఆ రుచి మరిగేలా చేశారు. ల్యాబులో పదిమంది కూచుని చెయ్యాల్సిన పని. అంత ఓపిక, అంత శ్రద్ధ ఎవరికి ఉంటాయా అని ఆలోచిస్తూ స్వరూప ఇంటికి వచ్చింది.

*

రాజవ్వ మేడ మీద బీరతీగకు తాళ్లు కడుతోంది. కాయలు మూరెడేసి వేలాడుతున్నాయి. ఆ మూల గోనెపట్టా కప్పిన ఇనుప డ్రమ్ము ఉంది. రెండేళ్లుగా అక్కడే ఉంది. ఎరువు డ్రమ్ము అని అత్తమ్మ అంటే స్వరూప సరే అనుకుంది. ఊరందరి చెత్త చూసే మనిషికి ఇంటి డ్రమ్ములోకి తొంగిచూసే తీరిక లేకపోయింది.

పట్టా తీసింది. గుటగుటమని శబ్దం, చింతపండు వాసన. పైన సగం కరిగిన డయాలసిస్ సంచి తేలుతోంది.

“అత్తమ్మా, ఇదెక్కడిది?”

రాజవ్వ ముఖం వెలిగిపోయింది. “సూశినవా? నీకు చెప్పి కుష్‌ జేద్దామనుకున్న. మీ పులుసే బిడ్డా!”

ఇక ఆమెను ఆపడం ఎవరి తరం కాలేదు. నరహరి జబ్బు పడ్డ కొత్తలో, కోడలు అన్నం మరిచిపోతుందని రాజవ్వ రోజూ ప్లాంటుకు క్యారియరు మోసుకెళ్లేది. అప్పుడే గేటు దగ్గర పనిచేసే సాయిలును అడిగిందట.

“గీ సంచులు మునిసిపాలిటోడు తీస్కపోనన్నడు. ఆస్పత్రి చెత్తంట. రోజుకు నాలుగాయె, ఎనుక అర్రల గుట్ట పడ్డయి. ఇంటికొచ్చినోళ్లందరు గవి సూసుడు, నీ కొడుకు ఇంక ఎన్ని దినాలుంటడవ్వా అని అడుగుడు. నాకు పానం కలుక్కుమనేది. సాయిలును బతిలాడితే ఖాళీ చారు గిన్నెల ఇంత పులుసు పోసిచ్చిండు. వాన్నేమనకు బిడ్డా, నేనే అడిగిన.”

“షర్బత్ లేకుండా అది బతకదు కదా, అత్తమ్మా!”

“మొదలు మొదలు సచ్చిపోతుండె. ఆరు కుండలల్ల పెడితే తెల్లారేసరికి అయిదు సప్పగయ్యేటియి. ఒక్కదాంట్ల సన్నగ బుడగలు లేస్తుండె. గా ఒక్కదాన్నే దాపెట్టి, దాన్నే మళ్ల ఆరింట్ల కలుపుతుంటి. సాయిలు అప్పుడింత అప్పుడింత ఇచ్చేటోడు. అది దానంతట అది బతుకుడు మొదలైనంక అడుగుడే ఇడిసిన. పెరుగు కాడ గంతే గద, సప్పటిది పారబోసి, మంచిగ తోడుకున్నదాన్నే తోడుకు ఉంచుకుంటం.”

స్వరూప డ్రమ్ము అంచు పట్టుకుంది. రెండేళ్లు, ఏడువందల ఉదయాలు. చచ్చినదాన్ని పారబోసి, బతికినదాన్ని ఏరి, మర్నాటికి విత్తనం చెయ్యడం. తన తాళాన్ని అత్తగారు పెరుగు గిన్నె తీరున ఊడగొట్టింది. కోపం రావాలి, రాలేదు. ఆ పనిలో తప్పు పట్టడానికి ఆమెకు ఒక్క మెట్టు కూడా దొరకలేదు.

“మొదట్ల సంచి కరుగాల్నంటే నెల పడుతుండె. ఇప్పుడు పొద్దుగాల ఏస్తే మాపటికి ఉండది,” అంది రాజవ్వ గొప్పగా. “దీని మట్టితోనే గీ బీరకాయలు.”

“కొత్త సంచులు పెట్టె నుంచి మీరేనా తీసి సర్దేది?”

“ఇంకెవరు? దుమ్ముంటది బిడ్డా. ఒక్కొక్కటి తడిగుడ్డతోని తుడ్షి పెడ్త. నా కొడుకు కడుపులకు పోయే నీళ్లాయె.”

ఆమె కొంగుకు తడిచేతులు తుడుచుకుంటుంటే స్వరూప ఆ గుడ్డ కోసం చుట్టూ చూసింది. ఆ తడిగుడ్డ డ్రమ్ము మీదే ఆరేసి ఉంది.

“దీన్ని ఇంకెవరికైనా ఇచ్చారా?”

“అడిగినోళ్లకిచ్చిన. లేదంటానా?”

*

స్వరూప ఆ సాయంత్రం నరహరికి అంతా చెప్పింది. అత్తగారికి మాత్రం, ఆఫీసుకు తెలిస్తే నా ఉద్యోగం పోతుంది అని మాత్రమే చెప్పింది. అదీ నిజమే. అసలు నిజం పక్కన అది ఎంత చిన్నదో ఆమెకే తెలుసు.

కోడలి ఉద్యోగం అనేసరికి రాజవ్వ చెప్పులేసుకుని తనే ముందు నడిచింది. వెనక స్వరూప, బ్లీచింగ్ నీళ్ల డబ్బా పట్టుకుని. ఇల్లిల్లూ తట్టారు. ఎవరూ కాదనలేదు. కుండలు, ఇనుప బకెట్లు, రేకు నూనె డబ్బాలు తెచ్చి గుమ్మంలో పెట్టారు. నలభైమూడు ఇళ్లు. ప్రతి ఇంటి ఆడమనిషీ తాను ఇంకా ఎవరెవరికి ఇచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. అక్కకు ఇచ్చినామె ఉంది, వియ్యపురాలికి ఇచ్చినామె ఉంది. షోలాపూర్ బస్సులో సీసాతో పంపినామె ఉంది. ఒకామె తాను వంట చేసే ఆస్పత్రి క్యాంటీనులో పెట్టుకుంది. అందరి చెత్తా కరిగింది, దాని గ్యాసుతో అందరి పొయ్యీ వెలిగింది, ఆ రెండేళ్లు బస్తీలో దోమలు తగ్గాయి. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు.

వారం తిరక్కుండానే మేడల మీద మళ్లీ గుటగుటలు వినబడ్డాయి. బాలమణి ఇంటి వెనక కుండ చూసి స్వరూప అరిచినంత పని చేసింది. “మొత్తం ఇచ్చేశానన్నావు కదా!”

“ఇచ్చిన గదక్కా, నిండు కుండ ఇచ్చిన!” అంది బాలమణి అమాయకంగా. “అడుగున ఇంతంత ఉంచుకున్న. తోడు గిన్నె అడుగు కడుగుతరా ఎవరన్నా?”

ఎవరూ కడగరు. ఇల్లు ఖాళీ చేసినా, ఊరు మారినా చెంచాడు తోడు గిన్నెలో మిగుల్చుకునే వెళ్తారు. నలభైమూడు ఇళ్లలో నలభైమూడు చెంచాలు మిగిలాయి. దాచాలని దాచింది కాదు, చేతికి అలవాటైన పని.

ప్లాంటులో డైరెక్టర్ చక్రపాణి ఆమె రిపోర్టు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. ఆ రోజే పై కమిటీకి పంపాడు. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. ఈ జీవి షర్బత్ లేకుండా మూడు గంటలకు మించి బతకదని నిరూపణ అయినందున, బయట పెరుగుతున్నట్టు వచ్చిన ఫిర్యాదు నమ్మదగినది కాదు. ఆధారంగా జతచేసిన కాగితం కింద సంతకం స్వరూపదే.

“ఇప్పుడేం చేద్దామండీ?” అన్నాడు డైరెక్టర్, ఆమే పై అధికారి అయినట్టు.

“నాకు తెలీదు సార్.” ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట మొదటిసారి వచ్చింది.

*

కమిటీ నమ్మినా నమ్మకపోయినా పులుసు తన పని తాను చేసుకుపోయింది. కిరాణా కొట్లలో పాలకవర్లు కారడం మొదలైంది. తర్వాత నీళ్ల ట్యాంకులు చెమర్చాయి. వైర్ల తొడుగులు ఊడి రెండు వీధుల్లో కరెంటు పోయింది. జనం కొన్నాళ్లు తిట్టుకుని స్టీలు క్యాన్లు, గాజు సీసాలు కొనుక్కున్నారు. ప్లాస్టిక్కు పీడ విరగడైంది, రాగి బిందెల కాలం మళ్లీ వచ్చిందని ఒక పత్రిక సంపాదకీయం రాసి మురిసిపోయింది. గొట్టం మీద బతికే మనుషులు కొందరు ఊళ్లో ఉన్నారన్న సంగతి ఆ రాసినవాడికి గుర్తు రాలేదు.

కంపెనీ సంచులు ప్లాస్టిక్కువే. గాజు సంచి ఉండదు, స్టీలు సంచి ఉండదు. స్వరూప బియ్యం పోసుకునే పెద్ద స్టీలు డబ్బా ఖాళీ చేసి, బ్లీచింగ్ పెట్టి తోమి, వచ్చిన సంచులు వచ్చినట్టు అందులో పెట్టి మూత బిగించింది. డబ్బా ముట్టుకునేది తనొక్కతే.

“నేను తుడ్వనా బిడ్డా?” అని రాజవ్వ అడిగింది.

“వద్దు అత్తమ్మా. ఇప్పుడు కంపెనీవాళ్లే తుడిచి పంపుతున్నారు.”

రాజవ్వ డబ్బా వంకా, కోడలి చేతుల వంకా ఒకసారి చూసి, “మంచిది,” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ డబ్బా రెండు నెలలు కాపాడింది. పేపరు పరచడం, రాశిఫలాలు చదవడం మామూలుగానే సాగాయి. నరహరి నవ్వుతున్నంతసేపూ స్వరూప అతని ముఖం చూసేది కాదు, అక్షరాల వంక చూసేది.

ఒక శనివారం పొద్దున నరహరి సంచి పేపరు మీద పెట్టి, “మిథునం...” అని ఆగాడు. సంచిని కొంచెం పక్కకు జరిపాడు. కళ్లు నలుపుకుని మళ్లీ చూశాడు.

“స్వరూపా, ఇవ్వాళ్ల నా రాశి కనపడ్తలేదు.”

సంచిలో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. సంచులు చెక్కుచెదరలేదు. సంచికీ కడుపు గొట్టానికీ మధ్య, ఎప్పుడూ ఒంటి మీదే ఉండే ప్లాస్టిక్కు బిగింపు ఒకటి ఉంటుంది. దానికి వెంట్రుకంత చీలిక. డబ్బాలో దాచలేనిది అదొక్కటే.

*

ఆస్పత్రిలో మందులు ఎక్కించారు. కడుపు గొట్టం తీసేసి, ఇక రక్తాన్ని మిషను మీద శుభ్రం చెయ్యాలన్నారు. మిషన్లు ఇనుపవే. వాటికి తగిలించే గొట్టాలు మాత్రం ప్లాస్టిక్కు. పెట్టెలు విప్పితే సగం గొట్టాలు వేళ్లకు అంటుకుంటున్నాయి. డెబ్బై మంది రోగులకు పాతిక మందికి సరిపడా సరుకు ఉంది. వార్డు గోడకు ఒక జాబితా అంటించి, వారానికి మూడుసార్లు ఎక్కించాల్సినవాళ్లకు ఒకసారి ఎక్కించారు.

క్యాంటీనులో డ్రమ్ము గుటగుటమనడం స్వరూపకు మంచం దగ్గరికి వినబడేది. ఒకరోజు వెళ్లి దాన్ని తలకిందులు చేసి బ్లీచింగ్ పోసి వచ్చింది. క్యాంటీను ఆమె, ఈమెకు మతి తప్పిందని జాలిపడి టీ ఇచ్చింది. ప్రపంచంలో దాని గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి తాను. ఒక డ్రమ్ము ఒలకబోయడం తప్ప ఆ తెలివి దేనికీ పనికిరాలేదు.

నరహరి ముఖం ఉబ్బింది. మాట మెల్లగా వస్తోంది. అయినా ఆ మాటలో పాత నవ్వు ఉంది.

“అమ్మకు చెప్పినవా?”

“లేదు.”

“చెప్పకు. అడిగితే కంపెనోళ్ల తప్పని చెప్పు, గంతే.” కాసేపు కళ్లు మూసుకున్నాడు. “నువ్వు పులుసు చేస్తివి, అమ్మ తోడేసె. ఇద్దరు మంచికే చేసిండ్రు. నేను ఎవరి మీద కోపం జేసుకోవాలె? ఒట్టెయ్యి.”

స్వరూప అతని చేతిలో చెయ్యి వేసింది. ఆపుకుందామనుకున్న ఏడుపు ఆగలేదు. మీరూ లేదు, నువ్వూ లేదు, పేరు పెట్టి “నరహరీ, నరహరీ” అని మాత్రం అనగలిగింది. రాజవ్వ అప్పుడే తలుపు దగ్గరికి వచ్చింది. ఈసారి ఆమె అడుగుల చప్పుడు వినబడలేదు. ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడిందో స్వరూపకు తెలియలేదు.

“అమ్మా, ఏం తెచ్చినవ్?” అన్నాడు నరహరి.

“పెరుగన్నం, బిడ్డా. డాక్టర్లు వద్దన్నరు గని, ఒక్క ముద్ద తిను.”

తిన్నాడు. బాగుందన్నాడు. ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు. జాబితాలో అతని పేరు పక్కన వచ్చే బుధవారం తేదీ వేసి ఉంది. పోయింది సోమవారం.

*

కర్మలన్నీ అయ్యాయి. చుట్టాలు వెళ్లిపోయారు. స్వరూప ప్లాంటుకు వెళ్లడం మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ పని పులుసును చంపే మందు వెతకడం. ఏ మందుకు ఎన్ని చచ్చినా, గాజు పలక మీద ఎక్కడో ఒక మూల కొన్ని మిగిలేవి. మర్నాటికి అవే పలక నిండా ఉండేవి. అది చూసినప్పుడల్లా ఆమెకు ఆరు కుండలు గుర్తొచ్చేవి. ప్లాంటు ట్యాంకులు ఆగిపోయి, బోడగుట్ట మీద మళ్లీ చెత్త ఎత్తు పెరుగుతోంది.

ఇంట్లో రాజవ్వ మాట తగ్గింది. ఎలా పోయాడనిగానీ, సంచులు ఎందుకు కారాయనిగానీ ఒక్కసారీ అడగలేదు. కంపెనీవాళ్ల తప్పు అనే మాట స్వరూప నాలుక చివర సిద్ధంగానే ఉంది. అడిగితే కదా చెప్పడానికి. పొద్దున్నే లేస్తుంది, పాలు కాస్తుంది, తోడేస్తుంది. మేడ మీద బీరతీగ ఎండిపోయినా నీళ్లు పోయలేదు.

ఒక ఆదివారం పొద్దున బాలమణి గిన్నె పట్టుకుని వచ్చింది. చాలా రోజులకు వచ్చింది కాబట్టి కాస్త జంకుతూ గడపలోనే నిలబడింది.

“అవ్వా, ఇంత పెరుగు తోడు పెడ్తవా?”

రాజవ్వ పొయ్యి గట్టు దగ్గర నిలబడి ఉంది. ఆమె ముందే మూతలేని గిన్నె, అందులో మీగడ కట్టిన గట్టి పెరుగు.

“లేదు బిడ్డా,” అంది.

బాలమణి గిన్నె వంక చూసింది. “అగో, అవ్వా, గది...”

“లేదన్న గద.”

గొంతు హెచ్చలేదు, కోపం లేదు. బాలమణి ఖాళీ గిన్నె కొంగులో దాచుకున్నట్టు పట్టుకుని, వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయింది. స్వరూప వంటింటి గుమ్మంలో కదలకుండా నిలబడింది. అత్తమ్మకు తెలుసు. ఆస్పత్రి తలుపు దగ్గరో, బియ్యం డబ్బా ముందో, అంతకన్నా ముందో. ఎప్పటినుంచి తెలుసో అడగడానికి తనకు ఒట్టు అడ్డం. చెప్పడానికి ఆమెకు ఏం అడ్డమో తెలియదు. “అత్తమ్మా” అని పిలవబోయింది.

రాజవ్వ వెనక్కి తిరగలేదు. గిన్నె తీసుకుని పెరుగంతా తూములో పోసింది. కొళాయి తిప్పి, పీచు తీసుకుని గిన్నె అడుగు తోమడం మొదలుపెట్టింది. తెల్లటి చార పోయేదాకా తోమింది. పోయాక కూడా చాలాసేపు తోమి, కడిగి, గట్టు మీద బోర్లించింది.